సీబీడీ చుక్కలు వేసుకుంటే మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. ఏడేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 31 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆర్నెల్లుగా క్లయింట్ కాల్ ఉందంటే చాలు, ముందు రోజు రాత్రి నుంచే కడుపులో తిప్పడం, గుండె దడ, అరచేతుల్లో చెమటలు. సైకియాట్రిస్టు ఎస్సిటాలోప్రామ్ 10 రాశారు. మరీ కంగారుగా ఉన్న రోజున వేసుకోమని క్లోనజెపామ్ 0.25 ఇచ్చారు. మూడు వారాలైంది, పెద్ద తేడా లేదు. మొదటి వారమైతే కంగారు ఇంకా పెరిగింది. మా టీమ్‌లో ఒకమ్మాయి సీబీడీ నూనె వాడి బాగుందంటే నేనూ ఆన్‌లైన్‌లో తెప్పించాను. 30 మిల్లీలీటర్ల సీసా, మీద 1500 మిల్లీగ్రాములని ఉంది, 3,200 రూపాయలు. వీడియో కాల్‌లో ఒక డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడి పొద్దున ఐదు చుక్కలు, రాత్రి ఐదు చుక్కలు అన్నారు. ఇంకా మొదలుపెట్టలేదు. ఇది నిజంగా పనిచేస్తుందా? చేస్తే మాత్ర ఆపేయొచ్చా? డాలస్‌లో ఉన్న మా అన్నయ్య డిసెంబర్‌లో వస్తూ సీబీడీ గమ్మీలు తెస్తానంటున్నాడు, తెమ్మనమంటారా? మోకాళ్ల నొప్పులకి తనకీ నాలుగు చుక్కలు ఇవ్వమంటోంది మా అమ్మ. ఆమెకి గుండె వాల్వు మార్చారు, రక్తం పల్చబడే మాత్ర రోజూ వేసుకుంటుంది.

సమాధానం: మాత్ర ఆపకండి. అమ్మగారికి ఆ చుక్కలు ఇవ్వకండి. మిగతావి నిదానంగా ఆలోచించుకోవచ్చు గానీ ఈ రెండింటికీ వాయిదా లేదు.

ఇక అసలు సంగతి. సీబీడీ ఉత్త బూటకం కాదు. గంజాయి మొక్కలో ఉండే పదార్థాల్లో ఇదొకటి. మత్తెక్కించేది దీని తోబుట్టువు టీహెచ్‌సీ. సీబీడీ మత్తెక్కించదు, అలవాటుగా మారదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూడా తేల్చారు. మెదడులో సెరటోనిన్ అందుకునే 5-హెచ్‌టీ1ఏ అనే గ్రాహకం మీద ఇది పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయి. ఆందోళన తగ్గడానికి దారి అదే కావచ్చన్నది పరిశోధకుల అంచనా.

మీ బాధకి బాగా దగ్గరగా ఉన్న ప్రయోగాలు బ్రెజిల్‌లో జరిగాయి. 2011లో అక్కడి పరిశోధకులు సోషల్ యాంగ్జయిటీ (నలుగురి ముందు మాట్లాడాలంటే, మెలగాలంటే విపరీతమైన భయం) ఉండి అప్పటిదాకా ఏ వైద్యమూ తీసుకోని 24 మందిని ఎంచుకున్నారు. సగం మందికి 600 మిల్లీగ్రాముల సీబీడీ, సగం మందికి ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చి, గంటన్నర తర్వాత కెమెరా ముందు ఉపన్యాసం ఇమ్మన్నారు. సీబీడీ తీసుకున్నవాళ్లలో బెదురు, మాట తడబాటు స్పష్టంగా తగ్గాయి. 2019లో 57 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల మీద ఇలాంటి పరీక్షే పెట్టి 150, 300, 600 మిల్లీగ్రాములు పోల్చి చూశారు. 300 పనిచేసింది. 150 చాలలేదు. విచిత్రమేమిటంటే 600 కూడా పనిచేయలేదు. అంటే మోతాదు పెంచేకొద్దీ ఫలితం పెరగదు. మధ్యలో ఎక్కడో ఒక శిఖరం ఉంది, అది దాటితే మళ్లీ దిగుడే. అదే 600 మొదటి ప్రయోగంలో రోగులకు పనిచేసింది కదా అంటారా? నిజమే. ఎవరికి ఎంత అన్నది ఈ రంగంలో ఇంకా కుదురుకోలేదు.

రోజూ వాడితే ఏమవుతుందన్న దానికి ఆధారాలు ఇంకా పల్చన. జపాన్‌లో 18, 19 ఏళ్ల కుర్రాళ్లు 37 మందితో నాలుగు వారాల ప్రయోగం చేశారు. రోజుకి 300 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకి నలుగురి ముందు ఉండే భయం తగ్గింది. నెదర్లాండ్స్‌లో 80 మంది ఫోబియా రోగులకి కౌన్సెలింగ్‌తో పాటు అదే 300 ఇచ్చి చూస్తే, 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం అదనపు లాభమేమీ కనిపించలేదు. నూనె అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించేది మాత్రం 2019లో అమెరికాలోని ఒక క్లినిక్ నుంచి వచ్చిన 72 మంది వివరాలు. అందులో చాలామంది తీసుకుంది రోజుకి 25 మిల్లీగ్రాములే, మొదటి నెలలోనే దాదాపు ఐదుగురిలో నలుగురికి ఆందోళన తగ్గిందని రాశారు. ఎవరికీ ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చలేదు, పైగా చాలామంది మామూలు వైద్యం కూడా తీసుకుంటున్నారు. తగ్గింది నూనె వల్లో, నమ్మకం వల్లో, పాత మాత్ర వల్లో చెప్పే దారి లేదు. ఈ నమ్మకమన్నది తక్కువదేం కాదు. సీబీడీ లేని జనపగింజల నూనెనే సీబీడీ అని చెప్పి ఇచ్చి చూసిన ప్రయోగమూ ఉంది. పనిచేస్తుందని గట్టిగా నమ్మినవాళ్లకి ఆందోళన తగ్గినట్టే అనిపించింది.

ఇప్పుడు మీ సీసా దగ్గరికి వద్దాం. 30 మిల్లీలీటర్లలో 1500 మిల్లీగ్రాములంటే మిల్లీలీటరుకి 50. డ్రాపర్‌తో 1 మిల్లీలీటరు గీత దాకా తీసి, ఒక్కో చుక్కా చెంచాలోకి వదులుతూ లెక్కపెట్టండి. 25 చుక్కలు వచ్చాయనుకుందాం, చుక్కకి 2 మిల్లీగ్రాములు. రోజుకి పది చుక్కలంటే 20 మిల్లీగ్రాములు. ప్రయోగాల్లో పనిచేసింది 300, అంటే 150 చుక్కలు, 6 మిల్లీలీటర్లు. ఆ లెక్కన మీ సీసా ఐదు రోజులకి ఖాళీ. నెలకి ఆరు సీసాలు, 19,200 రూపాయలు. మీకు చెప్పిన పది చుక్కలు ఆ ప్రయోగాల మోతాదులో పదిహేనో వంతు. వాటి పేరు చెప్పి ఈ చుక్కలు అమ్మడం సబబు కాదు. అలాగని 150 చుక్కలు మింగమని చెప్పడం లేదు, ఎందుకో కింద వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. మీ లేబుల్ మీద 1500 మిల్లీగ్రాములు దేనివి? సీబీడీవా, విజయ (ఆయుర్వేదంలో గంజాయి పేరు) సారానివా? మన దేశంలో ఇవి ఆయుర్వేద మందులుగా, గంజాయి ఆకు నుంచి తీసిన సారంగా అమ్ముడవుతాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. ఒట్టి ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. ఆ సందులోంచే రాష్ట్ర ఆయుష్ శాఖ లైసెన్సుతో ఈ నూనెలు వస్తున్నాయి. ఆకు సారంలో సీబీడీ ఒక్కటే ఉండదు, టీహెచ్‌సీ కూడా ఉంటుంది. కొన్ని సీసాల్లో రెండూ సమానంగా ఉంటాయి, ‘బ్యాలెన్స్‌డ్’ అన్న మాట కనిపిస్తే అర్థం అదే. టీహెచ్‌సీ కొద్దిగా తీసుకుంటే కొందరికి ఊరట, మోతాదు కాస్త పెరిగితే గుండె దడ, భయం, అనుమానాలు. అసలే దడతో ఉన్న మనిషికి అది కొరివితో తల గోక్కోవడమే.

కాబట్టి ఆ కంపెనీని మీ బ్యాచ్ నంబరుకి చెందిన ల్యాబ్ రిపోర్టు అడగండి. వెబ్‌సైట్‌లో నమూనాగా పెట్టిన పాత రిపోర్టు పనికిరాదు. సీసా మీది బ్యాచ్ నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటే అయి ఉండాలి. అందులో సీబీడీ మిల్లీలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు, టీహెచ్‌సీ ఎంత, సీసం వంటి లోహాలు, పురుగుమందుల అవశేషాలు, ఇవన్నీ విడివిడిగా ఉండాలి. లేబుల్ మీద ఆయుష్ తయారీ లైసెన్సు నంబరు, వైద్యుల పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ఉన్నాయో లేదో చూడండి. గంజాయి ఆకు ఆయుర్వేద విష పదార్థాల పట్టికలో ఉంది కాబట్టి ఆ హెచ్చరిక తప్పనిసరి. లేబుళ్లని గుడ్డిగా నమ్మకూడదని అమెరికాలోనే తేలింది. 2017లో అక్కడ ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులు పరీక్షిస్తే లేబుల్‌కి సరిపోయినవి 31 శాతమే. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ దొరికింది. సూపర్ మార్కెట్లో ‘హెంప్ సీడ్ ఆయిల్’ అని దొరికేది మళ్లీ వేరే. అది గింజల నూనె, సలాడ్‌లో వేసుకోవచ్చు. అందులో సీబీడీ దాదాపు ఉండదు, ఆందోళనకి దానివల్ల ఒరిగేదీ ఉండదు.

మాత్ర సంగతి. ఎస్సిటాలోప్రామ్ మొదటి వారం పది రోజులు కంగారు పెంచడం చాలామందిలో కనిపించేదే. మందు పడలేదని అప్పుడే తీర్మానించక్కర్లేదు. అసలు ఫలితం నాలుగు నుంచి ఆరు వారాల మధ్య తెలుస్తుంది. సోషల్ యాంగ్జయిటీలో ఇంకా ఆలస్యం కావచ్చు. మీరు మూడో వారంలో ఉన్నారు. ఇప్పుడు నూనె మొదలుపెడితే ఇంకో రెండు వారాలకి కంగారు తగ్గుతుంది, ఆ పేరు చుక్కలకి పోతుంది, మీరు మాత్ర మానేస్తారు. మాకు ఎక్కువ భయం దీని గురించే. ఎస్సిటాలోప్రామ్ ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, వికారం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం రావచ్చు. ఆపాల్సి వచ్చినా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

రెండూ కలిపి వాడొచ్చా అంటే, చిక్కు కాలేయంలో ఉంది. ఎస్సిటాలోప్రామ్‌ని కరిగించి బయటికి పంపే ప్రధాన ఎంజైమ్ సీవైపీ2సీ19. సీబీడీ దాన్ని అడ్డుకుంటుంది. దాంతో 10 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నా ఒంట్లో అంతకంటే ఎక్కువ వేసుకున్నట్టు కావచ్చు. ఈ ఎంజైమ్ పుట్టుకతోనే మందకొడిగా ఉండేవాళ్లు మన దేశంలో తక్కువేం కాదు, వాళ్లలో ఈ ప్రభావం ఎలా ఉంటుందో ముందే ఊహించలేం. రోజుకి 20 మిల్లీగ్రాముల సీబీడీతో ఇది పెద్దగా ఉండకపోవచ్చు, 300తో ఉండొచ్చు. క్లోనజెపామ్ వేసుకున్న రోజున సీబీడీ కూడా తోడైతే మగత బాగా పెరుగుతుంది, ఆ రోజు ఔటర్ రింగ్ రోడ్డు మీద స్కూటీ నడపకండి. ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. కాఫీలోని కెఫీన్‌ని కూడా సీబీడీ ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది. మూర్ఛ రోగులకి ఇచ్చే పెద్ద మోతాదులో పరీక్షించినప్పుడు ఒంటికి అందే కెఫీన్ మొత్తం దాదాపు రెట్టింపయింది. దడ తగ్గడానికి చుక్కలు వేసుకుని, పైన మూడు ఫిల్టర్ కాఫీలు తాగితే మళ్లీ దడే.

పెద్ద మోతాదుల్లో కాలేయం మాట కూడా చూడాలి. బ్రెజిల్‌లో కోవిడ్ రోజుల్లో ఆసుపత్రి సిబ్బంది 120 మందితో చేసిన ప్రయోగంలో సగం మందికి 28 రోజులు రోజూ 300 మిల్లీగ్రాములు ఇచ్చారు. మానసిక అలసట తగ్గింది గానీ నలుగురికి కాలేయ ఎంజైములు పెరిగాయి, ఒకరికి ఒంటి మీద తీవ్రమైన దద్దుర్లు వచ్చాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో సీబీడీ మందు ఎపిడియోలెక్స్‌ని అనుమతించింది కొన్ని అరుదైన మూర్ఛ వ్యాధులకి మాత్రమే, అదీ కాలేయ పరీక్షలు చేస్తూ వాడాలన్న షరతుతో. ఆందోళనకి అనుమతి లేదు. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకి 70 మిల్లీగ్రాములు దాటొద్దని ముందు చెప్పి, 2023 అక్టోబర్లో దాన్ని 10కి దించింది. పైన 150 చుక్కలు వద్దన్నది ఇందుకే.

అన్నయ్య గారి గమ్మీలు వద్దే వద్దు. అమెరికాలో 2018 ఫార్మ్ బిల్లు గీసిన గీత ప్రకారం ఎండు బరువులో 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉంటే దాన్ని హెంప్, అంటే చట్టం ఒప్పుకునే గంజాయి రకం అన్నారు. వినడానికి సున్నాలా ఉంది కదా? 4 గ్రాముల గమ్మీలో 0.3 శాతమంటే 12 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. అక్కడి పరిశోధకులు ఒక ప్రామాణిక మోతాదుగా తీసుకునేది 5 మిల్లీగ్రాములు. అంటే హెంప్ అని రాసి ఉన్న ఒక్క గమ్మీతో రెండు మోతాదులకి పైగా మత్తు ఎక్కొచ్చు. మన చట్టం ఈ 0.3ని గుర్తించదు. లైసెన్సు లేకుండా టీహెచ్‌సీ ఉన్న సరుకు దేశంలోకి తేవడం ఎన్‌డీపీఎస్ కింద నేరం. అక్కడ కొన్న బిల్లు దేవనహళ్లి విమానాశ్రయంలో కాపాడదు. ఆయన దుబాయ్ మీదుగానో సింగపూర్ మీదుగానో వస్తుంటే ఆ దేశాల చట్టాలూ కఠినమే. మీ కంపెనీ క్లయింట్ కోసం మూత్ర పరీక్ష పెడితే అది పట్టేది టీహెచ్‌సీనే. సీబీడీ కోసమే తీసుకున్నానంటే ఫలితం మారదు.

ఇంత చెప్పినా ఒకసారి ప్రయత్నిద్దామనే ఉంటే, ఇప్పుడు కాదు. మాత్ర ఎనిమిది వారాలు నిండనివ్వండి, ఒకేసారి రెండు మార్పులు వద్దు. ముందు మీ సైకియాట్రిస్టుకి సీసా ఫోటో, ల్యాబ్ రిపోర్టు చూపించండి. చాలామంది ఇది దాస్తారు, దాచినప్పుడే తేడాలొస్తాయి. టీహెచ్‌సీ లేదని రిపోర్టులో తేలిన సీసా మాత్రమే పట్టుకోండి. మొదలుపెట్టే ముందు ఒకసారి, నెలకి ఒకసారి ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయ పరీక్షలు చేయించుకోండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నా, బిడ్డకి పాలిస్తున్నా ఆ ఆలోచనే వద్దు. చుక్కలు రోజూ ఒకే రకం తిండి మీద వేసుకోవాలి. కొవ్వు ఎక్కువున్న భోజనంతో సీబీడీ ఖాళీ కడుపుతో పోలిస్తే నాలుగైదు రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుంది. ఒక రోజు పరగడుపున, మర్నాడు నెయ్యి కారం దోశ తిన్నాక వేసుకుంటే, చుక్కలు అవే అయినా రక్తంలోకి చేరేది ఒకటి కాదు. నాలుక కింద నిమిషంసేపు పెట్టుకున్నా అందులో చాలా భాగం చివరికి మింగేదే, కాబట్టి ఈ నియమం అప్పుడూ వర్తిస్తుంది. నోటి ద్వారా తీసుకుంటే రక్తంలో పతాక స్థాయికి చేరడానికి రెండున్నర నుంచి ఐదు గంటలు పట్టొచ్చు. కాల్‌కి పది నిమిషాల ముందు వేసుకున్న చుక్కకి కాల్‌తో సంబంధం లేదు. ప్రతి క్లయింట్ కాల్ ముందు రాత్రి కంగారు ఎంతో సున్నా నుంచి పదిలో ఒక అంకె రాసిపెట్టండి, చుక్కలు మొదలుపెట్టే ముందు నెల అంకెలు కూడా ఉండాలి. నెల తర్వాత ఆ రెండు వరుసల్లో తేడా లేకపోతే ఆపేయండి. సీబీడీ ఆపితే ఎస్సిటాలోప్రామ్‌లా మానినప్పటి బాధలేవీ రావు.

ఈలోగా మీ కంగారుకి గట్టి ఆధారం ఉన్న వైద్యం సీబీటీ అనే కౌన్సెలింగ్. పేరులో ఒక్క అక్షరమే తేడా, ఆధారాల్లో మాత్రం హస్తిమశకాంతరం. అందులో భయపెట్టే పనిని మెట్లుగా విడగొడతారు. మీ విషయంలో మొదటి మెట్టు ఇలా ఉండొచ్చు: డెమోలో మొదటి రెండు వాక్యాలు ఫోన్‌లో రికార్డు చేసి మీరే వినడం. తర్వాత ఒక స్నేహితురాలి ముందు చెప్పడం, ఆపైన టీమ్ మీటింగ్‌లో ఒక ప్రశ్న అడగడం, చివరికి క్లయింట్ కాల్‌లో ఐదు నిమిషాల భాగం మీరే తీసుకోవడం. ఒక మెట్టు మీద కంగారు సగానికి తగ్గేదాకా దాని మీదే ఉండాలి. తప్పించుకోవడానికి కెమెరా ఆపేయడం, తెర మీద రాసుకున్నది చదవడం లాంటివి ఒక్కొక్కటీ వదిలించుకోవాలి, భయాన్ని పోషించేవి అవే. చేతుల వణుకు, దడ మాత్రమే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంటే, కాల్ ఉన్న రోజున గంట ముందు వేసుకునే ప్రొప్రనొలాల్ గురించి డాక్టర్ని అడగండి. ఉబ్బసం, తక్కువ బీపీ, నెమ్మది నాడి ఉన్నవాళ్లకి అది పడదు. ఇప్పటిదాకా థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోకపోతే చూపించుకోండి, ఈ రెండూ తేడా ఉన్నా దడ వస్తుంది. బెంగళూరులోనే హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ ఉంది. అంత దూరం వెళ్లే తీరిక లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అమ్మగారి సంగతి. వాల్వు మార్చినవాళ్లకి మన దగ్గర ఎక్కువగా ఇచ్చేవి ఎసినోకౌమరాల్, వార్ఫరిన్. ఇవి కరిగేది ప్రధానంగా సీవైపీ2సీ9 అనే ఎంజైమ్ ద్వారా, సీబీడీ దాన్నీ అడ్డగలదు. వార్ఫరిన్ వాడే మనిషికి సీబీడీ మొదలుపెట్టాక ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే అంకె) పెరుగుతూ పోయి, వార్ఫరిన్ మోతాదు తగ్గించాల్సి వచ్చిన ఉదంతం వైద్య పత్రికల్లో నమోదైంది. ఐఎన్‌ఆర్ పెరిగితే రక్తస్రావం. దానికి భయపడి మాత్ర తగ్గించుకుంటే వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదం. మోకాళ్ల నొప్పికి ఆమె పెయిన్ కిల్లర్ మాత్రలు కూడా సొంతంగా వేసుకోకూడదు. పారాసెటమాల్ కూడా రోజుల తరబడి వాడాలంటే గుండె డాక్టర్ని అడగాలి, నొప్పి మీద రాసే జెల్ అయినా సరే. ఫిజియోథెరపిస్టు చెప్పే తొడ కండరాల వ్యాయామాలకి మాత్రం ఏ మాత్రతోనూ పేచీ లేదు. మీరు ఇంట్లో లేనప్పుడు ఆమె ఇప్పటికే చుక్కలు వేసుకుని ఉంటే, ఎన్ని రోజులు వేసుకున్నారో అడిగి తెలుసుకుని, రెండు మూడు రోజుల్లోపు ఐఎన్‌ఆర్ చేయించి గుండె డాక్టరుకి చెప్పండి. సీబీడీ ఒంట్లోంచి పోవడానికి రోజులు పడుతుంది కాబట్టి వారం తర్వాత ఇంకోసారి చేయించండి. చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం, ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా పరీక్షల దాకా ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.